ముందు పోసే బోల్టు విప్పండి

రావులపాలెంలో హైవే పక్కన షెడ్డు పెట్టి నాకు 31 ఏళ్ళు. ఇటు జొన్నాడ వంతెన, అటు సిద్ధాంతం వంతెన. గౌతమికీ వసిష్ఠకీ మధ్య తిరిగే బళ్ళు ఎప్పుడో ఒకప్పుడు నా షెడ్డు ముందు ఆగుతాయి. అరటి గెలల పికప్పులు, కొబ్బరికాయల లారీలు, ఐసు పెట్టెలతో చేపల బళ్ళు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట. ఇంటి దగ్గర సొంతంగా ఆయిల్ మార్చుకున్నాం, ఏదో తేడా వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాను.

సొంతంగా చేసుకుంటున్నందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు. కిరాయి బండి మీద బతికేవాడికి మిగిలే ప్రతి రూపాయీ విలువైందే. పైగా తన బండి కింద తనే పడుకుని చూసుకున్నవాడికి ఏ బోల్టు దగ్గర చెమ్మ ఉందో, ఏ సీలు కారుతోందో ముందే తెలుస్తుంది. నేను అడిగేది ఒక్కటే. తేడా అనిపిస్తే తాళం తిప్పకండి. ఐదొందలతో పోయే తప్పు, "ఓసారి స్టార్ట్ చేసి చూద్దాం" అన్న మాటతో యాభై వేలకి వెళ్ళడం నేను చాలాసార్లు కళ్ళారా చూశాను.

ప్రశ్న: మెకానిక్ గారికి నమస్కారం. నా పికప్పుకి నేనే ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్చాను. స్టార్ట్ చేసిన నిమిషానికే బండి కింద ఆయిల్ మడుగు కట్టింది. ఫిల్టరు ఇంకా బిగించి చూశాను, ఆగలేదు. నాకు ఇచ్చిన ఫిల్టరు చెడ్డదా?
– కొబ్బరికాయల వ్యాపారి, అంబాజీపేట

జవాబు: ఫిల్టరు మంచిదే అయ్యుంటుందండి. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయి, దాని మీదే మీరు కొత్తది ఎక్కించి ఉంటారు. అంటే రింగు మీద రింగు. చేత్తో తిప్పుతుంటే గట్టిగా పట్టినట్టే ఉంటుంది. స్టార్ట్ చేసి ప్రెజర్ రాగానే ఒక రింగు పక్కకి జారిపోతుంది, పంపు తోడే ఆయిలంతా ఆ సందులోంచి చిమ్ముతుంది. ఎంత బిగించినా ఆగేది కాదు.

ఆయిల్ లైటు వెలగకముందే ఆపేసి ఉంటే మీకు పెద్దగా నష్టం జరిగి ఉండదు. ముందు ఆ ఫిల్టరు విప్పండి. పాత ఫిల్టరు పారెయ్యకుండా ఉంటే దాని అంచు గాడి చూడండి. అందులో రింగు లేకపోతే అది ఇంజన్ మీద ఉన్నట్టే. ఇంజన్ వైపు ముఖం నల్లగా, ఆయిల్‌తో తడిగా ఉంటుంది, రింగూ నల్లగానే ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. వేస్ట్ కాటన్‌తో శుభ్రంగా తుడిచి, చూపుడు వేలి గోరు ఆ అంచు చుట్టూ తిప్పండి. రింగు ఉంటే గోటికి మెట్టులా తగులుతుంది. స్క్రూడ్రైవరు పెట్టి పొడవకండి, ముఖం మీద గీత పడితే అక్కడినుంచి ఎప్పటికీ చెమరుస్తూనే ఉంటుంది. కొస చెక్కిన వెదురు పుల్లతో ఊడదీయండి.

కొత్త ఫిల్టరు రింగుకి వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పుతూ వెళ్ళండి. రింగు ముఖానికి తగిలాక ఇంకో ముప్పావు చుట్టు చాలు. ఫిల్టరు మీద వేరే కొలత అచ్చు వేసి ఉంటే అదే పాటించండి. మీది ఇప్పటికే బలంగా బిగించేసి ఉంటే రింగు నలిగి ఉంటుంది, ఇంకొకటి కొనుక్కోవడమే మంచిది.

ఇక్కడితో ఆగకండి. కారిపోయింది ఎంతో అంచనా వేసి అంతా ఒక్కసారి పోసేస్తే రెండో తప్పు మొదలవుతుంది. అంబాజీపేట వైపు తోటల్లో బండి ఆపే చోటు చదునుగా ఉండదు. బోదె పక్కన ఓ చక్రం పల్లంలో ఉంటే ఆయిల్ లెవెల్ చూసే గేజి పుల్ల అబద్ధం చెబుతుంది. సిమెంటు రోడ్డు మీదికో, ధాన్యం కళ్ళం మీదికో బండిని తోయించండి. పుస్తకంలో రాసిన కొలత కన్నా అర లీటరు తక్కువ పోసి, పది నిమిషాలు ఆగి గేజి చూడండి. తర్వాత కొంచెం కొంచెం కలుపుతూ రండి. స్టార్ట్ చేసి ఒక నిమిషం నడిపితే ఫిల్టరు తన వంతు ఆయిల్ తాగుతుంది. మళ్ళీ ఆపి, మళ్ళీ పది నిమిషాలు ఆగి, మళ్ళీ చూడాలి. లైటు నాలుగైదు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపెయ్యండి.

ఎక్కువైతే ఏమవుతుంది, ఆయిలే కదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్‌లో లెవెల్ పెరిగితే క్రాంక్ షాఫ్టు ఆ ఆయిల్లో మునిగి తిరుగుతూ దాన్ని కవ్వంతో చిలికినట్టు చిలుకుతుంది. నురగ వస్తుంది. పంపు ఆయిల్‌తో పాటు ఆ గాలినీ తోడుతుంది, బేరింగులకి చేరాల్సిన పొర పలచబడుతుంది. డీజిల్ ఇంజన్‌లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మిగులు ఆయిల్, ఇంజన్ లోపలి గాలి వదిలే బ్రీదర్ గొట్టం గుండా గాలి దారిలోకి వెళ్ళి సిలిండర్లలో మండితే, తాళం తీసేసినా ఇంజన్ ఆగకుండా పైపైకి రేజ్ అయిపోతుంది. గేజి మీద పై గీత దాటితే తీసెయ్యండి. మందుల షాపులో పెద్ద సిరంజి, సన్న గొట్టం దొరుకుతాయి. గేజి రంధ్రంలోంచి లాగొచ్చు. నోటితో మాత్రం పీల్చకండి.

ప్రశ్న: ఆయిల్ మార్చిన మర్నాడే గేజి తీసి చూస్తే మళ్ళీ నల్లగా ఉంది. కల్తీ ఆయిల్ అంటగట్టారా?
– డ్రైవరు, మండపేట

జవాబు: డీజిల్ ఇంజన్‌లో అది మామూలే. లోపల మిగిలిన పాత ఆయిల్, గోడలకున్న మసి కొత్తదాన్ని గంటల్లోనే నల్లగా చేస్తాయి. మసిని పట్టి ఉంచుకోవడం ఆ ఆయిల్ పని. రంగు చూసి భయపడకండి. గేజి మీద ఆయిల్ డీజిల్ వాసన గట్టిగా కొడుతూ పలచగా ఉంటే, లేదా లెవెల్ తనంతట తనే పెరుగుతుంటే అప్పుడు చూపించండి.

ప్రశ్న: బాబాయ్ గారూ, మా నర్సరీ మొక్కల బండికి గేర్‌బాక్సు ఆయిల్ దించేశాను. కొత్తది పోద్దామంటే పక్కనున్న పోసే బోల్టు కదలడం లేదు, తల కూడా అరిగిపోయింది. డబ్బా ఆయిల్ తెచ్చి పక్కనే పెట్టుకుని రెండు రోజులుగా కూర్చున్నాను. బండిని షెడ్డు దాకా మెల్లగా నడిపితే ఫర్వాలేదా? కింద ఇటుకలు పెట్టి ఎత్తి ఉంచాను.
– కడియం నుంచి ఒక కుర్రాడు

జవాబు: బాబూ, ముందు బండి కిందినుంచి బయటికి రా. ఇటుక ఒక్కసారిగా చీలుతుంది, చప్పుడు చేసి హెచ్చరించదు. జాకీ కూడా ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇనుప స్టాండ్లు రెండు కొనుక్కో, లేకపోతే అద్దెకి తెచ్చుకో. చక్రాలకి ముందూ వెనకా దుంగలు పెట్టు. అవి వచ్చేదాకా కిందికి దూరొద్దు. ఈ మాట నీకు ఉత్తరంలో కాకుండా ఎదురుగా చెప్పగలిగితే బాగుండేది.

ఇక గేర్‌బాక్సు. కిలోమీటరు కూడా నడపొద్దు. ఆయిల్ లేని గేర్లు, బేరింగులు కొద్ది దూరంలోనే వేడెక్కి పాడవుతాయి. తాళ్ళు కట్టి లాగించడం కూడా వద్దు. వెనక చక్రాలు నేలమీద తిరిగితే గేర్‌బాక్సు వెనక షాఫ్టు కూడా తిరుగుతుంది. తప్పదంటే గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పించి లాగించు.

నాకు 17 ఏళ్ళప్పుడు మండపేటలో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. సాయంత్రం ధాన్యం లారీ వచ్చింది. తెల్లవారేసరికి మిల్లులో ఉండాలి. మేస్త్రి టీకి వెళ్ళాడు. నేను ఉత్సాహం కొద్దీ గేర్‌బాక్సు కింది బోల్టు విప్పి ఆయిలంతా దించేశాను. తర్వాత పక్క బోల్టుకి పానా వేస్తే తిరగలేదు. గొట్టం తొడిగి బలం పెట్టాను, తల గుండ్రంగా అయిపోయింది. ఆ లారీ యజమాని రాత్రంతా నులక మంచం మీద కూర్చుని నావైపే చూస్తూ ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. మేస్త్రి వచ్చి చూసి, కేకలెయ్యకుండా, "ముందు పోసే బోల్టు విప్పాలిరా" అన్నాడు. అప్పటినుంచి ఈ రోజు వరకు పోసే బోల్టు చేతికి వదులుగా వచ్చాకే నేను దించే బోల్టు ముట్టుకుంటాను. గేర్‌బాక్సుకైనా అంతే, వెనక ఇరుసు మధ్య గేర్లుండే క్రౌన్‌కైనా అంతే. అది రాకపోతే పాత ఆయిల్ లోపలే ఉంటుంది కదా, బండి నడుపుకుంటూ షెడ్డుకి పోవచ్చు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. బోల్టు చుట్టూ వైర్ బ్రష్‌తో మట్టి తీసేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్. ఉదయం బోల్టు తల మీద సుత్తితో తిన్నగా నాలుగైదు దెబ్బలు మితంగా వెయ్యి. మరల మధ్య పట్టిన తుప్పు వదులుతుంది. ఆరు పలకల సాకెట్ బిగువుగా పట్టేది దొరికితే దాంతో ప్రయత్నించు. ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. కదిలితే నీ పని అయిపోయినట్టే. కదలకపోతే వెల్డింగు చేసేవాణ్ణి పిలిచి తల మీద ఒక నట్టు వెల్డ్ చేయించు. ఆ వేడికే సగం పట్టు వదులుతుంది, నట్టుకి పానా వేస్తే వచ్చేస్తుంది. ముందు నువ్వు కొట్టిన స్ప్రే పూర్తిగా తుడిచెయ్, బ్యాటరీ తీగలు రెండూ తీయించు.

అదీ కుదరకపోతే, కొన్ని గేర్‌బాక్సులకి పైన గేర్ రాడ్డు కవరు విప్పి అక్కడినుంచి పోయొచ్చు. అప్పుడు పుస్తకంలోని కొలత కొలిచి పొయ్యాలి, ఎందుకంటే పక్క బోల్టు రంధ్రం అంచు నుంచి కారడం చూసే వీలుండదు. డబ్బా మీద జిఎల్-4 అని ఉందా, జిఎల్-5 అని ఉందా చూడు. రెండిటి చిక్కదనం 80డబ్ల్యు-90 అయినా ఒకటి కాదు. క్రౌన్‌కి మామూలుగా జిఎల్-5 కావాలి. కొన్ని గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగులుంటాయి, వాటికి జిఎల్-5లోని మందు పడదు. నీ బండి పుస్తకంలో ఏది రాసుంటే అదే.

కొత్త బోల్టు కొత్త వాషరుతో వెయ్యి. చేత్తో నాలుగు చుట్లు తేలిగ్గా తిరిగాకే పానా పట్టు. చేత్తో తిరగని బోల్టు వంకరగా ఎక్కుతున్నట్టు, అల్యూమినియం బాడీ మర పోవడానికి ఒక్క అర చుట్టు చాలు.

ప్రశ్న: మొన్నటి వరదలో కనకాయలంక కాజ్‌వే మీద మా బండి చక్రాలు మునిగేదాకా నీళ్ళల్లో అరగంట నిలబడిపోయింది. ఇంజన్‌లోకి నీళ్ళు రాలేదు, బాగానే నడుస్తోంది. ఏమైనా మార్చాలా?
– లంక రైతు

జవాబు: బాగా నడుస్తోంది కాబట్టే చాలామంది దీన్ని వదిలేస్తారు. మూడు నెలల తర్వాత క్రౌన్ మోత పెడుతుందని వస్తారు.

క్రౌన్ హౌసింగ్ మీద చిన్న బ్రీదర్ ఉంటుంది. బండి నడిచి లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తే బయటికి వదలడానికి అది. వేడి మీదున్న హౌసింగ్ చల్లటి వరద నీళ్ళల్లో మునగగానే లోపలి గాలి ముడుచుకుని బయటినుంచి లాగుతుంది. ఆ సమయంలో బ్రీదర్ నీళ్ళలో ఉంటే నీళ్ళే లోపలికి పోతాయి. పాత సీళ్ళ పక్కనుంచి కూడా పోతాయి. గేర్‌బాక్సుదీ ఇదే కథ.

బండిని రాత్రంతా చదునైన చోట కదలకుండా ఉంచండి. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు, అడుగుకి దిగుతాయి. ఉదయం పోసే బోల్టు వస్తుందో లేదో చూసుకుని, కింది బోల్టు పూర్తిగా తీయకుండా కాస్త వదులు చేయండి. గాజు గ్లాసు పట్టండి. ముందు నీళ్ళ చారలు వస్తే మీకే కనిపిస్తుంది. నీళ్ళు కలిసి తిరిగేసి ఉంటే ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో, చిక్కగా, నురగ నురగగా వస్తుంది. వేలికి రాసుకుంటే జిగురు ఉండదు. అది చూశాక ఒక్కసారి మార్చితే సరిపోదు. గోడలకీ, బేరింగుల్లోనూ ఆ తెల్లటి పూత మిగిలిపోతుంది. అదే గ్రేడు ఆయిల్ తక్కువ ధరది పోసి, లోడు లేకుండా ఐదారు కిలోమీటర్లు మెల్లగా తిప్పి, వేడి మీదే దించెయ్యండి. రెండోసారి కూడా తెల్లగా వస్తే మూడోసారీ చెయ్యాల్సిందే. అప్పుడు మంచి ఆయిల్ పొయ్యండి. బ్రీదర్ విప్పి డీజిల్లో కడగండి, ఒండ్రు మట్టి దాన్ని మూసేస్తుంది. మూసుకుపోతే తర్వాత ఆయిల్ సీళ్ళు కారతాయి. చక్రాల బేరింగుల గ్రీజు కూడా మార్పించండి.

ఇంజన్ సంగతి. మీది అదృష్టం. వరదలో బండి ఆగిపోయినవాళ్ళు సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లో నీళ్ళుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజెక్టర్లు విప్పించి నీళ్ళు తీయించాకే తిప్పాలి. వరద లేకుండానే ఇంజన్ ఆయిల్ పాల రంగులోకి మారి, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే అది హెడ్ గాస్కెట్టో ఆయిల్ కూలరో పోయిన గుర్తు. ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా తగ్గదు.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. లంకల్లో బండి ఉన్నవాళ్ళు మొదటి హెచ్చరిక వినగానే గట్టు మీదికి తెచ్చేసుకోండి. పడవల మీద సామాను దాటించగలం గానీ బండిని దాటించలేం.

ప్రశ్న: అన్నయ్య గారూ, మా ఆయన చేపల బండి నడుపుతారు. మా అబ్బాయి సాయం చేద్దామని బ్రేక్ ఆయిల్ డబ్బాలో పవర్ స్టీరింగ్ ఆయిల్ పోశాడు. సుమారు అర గ్లాసు ఉంటుంది. బాబు భయపడి ఏడుస్తున్నాడు. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.
– ఒక గృహిణి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు ఆయనకి చెప్పండి. ఇప్పుడే, ఆయన బండి తియ్యకముందే. బాబుని కోప్పడవద్దని నా మాటగా చెప్పండి. పోశాక దాచకుండా మీకు చెప్పాడు, దానివల్లే మీ ఇంట్లో మనిషి క్షేమంగా ఉన్నాడు.

బ్రేక్ ఆయిల్ అని మనం అంటాం గానీ అది ఆయిల్ కాదు, గ్లైకాల్ ద్రవం. బ్రేకు లోపలి రబ్బర్లు దానికి తట్టుకునేలా చేసినవి. పెట్రోలియం ఆయిల్ ఏదైనా తగిలితే ఆ రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. మొదటి రోజు బ్రేకు బాగానే పడొచ్చు. తర్వాత పెడల్ కిందికి పోవడమో, చక్రాలు పట్టేసి వదలకపోవడమో జరుగుతుంది. చేపల లోడుతో వెళ్ళే బండిలో అది జరగకూడదు.

బ్రేకు పెడల్ ఎవరూ తొక్కవద్దు. క్లచ్ కూడా అదే డబ్బాలోంచి ఆయిల్ తీసుకునే బండైతే క్లచ్ కూడా తొక్కవద్దు. బండిని వేరే వాహనం మీద ఎక్కించి తీసుకెళ్ళండి. డబ్బా తీసి కడగాలి, లైన్లన్నీ కొత్త బ్రేక్ ఫ్లూయిడ్‌తో కడిగి, మాస్టర్ సిలిండర్ కిట్టు, చక్రాల దగ్గర రబ్బర్లు, రబ్బరు గొట్టాలు మార్చాలి. కొంతమంది పైనుంచి పీల్చేస్తే చాలంటారు. నేనైతే ఒప్పుకోను. తక్కిన ఏ పనిలో ఖర్చు తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించుకోవద్దు.

మిగతా పాఠకులకి ఒక మాట. ఈ ద్రవం గాలిలో తేమని పీలుస్తుంది. మన ప్రాంతపు గాలిలో తేమకి కొదవ లేదు. డాట్ 3 కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140కే మరగొచ్చు. డాట్ 4కి ఆ లెక్క 230, 155. మరిగితే లైన్లో ఆవిరి బుడగలొచ్చి పెడల్ మెత్తబడుతుంది. అందుకే మూత తీసిన డబ్బా పోయినేడాది మిగిలిందని పొయ్యకండి. బాడీ మీద పడితే రంగు లేచిపోతుంది, తుడవకుండా వెంటనే నీళ్ళు పొయ్యండి. గాలి బ్రేకులున్న పెద్ద లారీలకి ఈ గొడవ లేదు. వాటికి ట్యాంకుల్లో నీళ్ళు దించుకోవడం ముఖ్యం.

ప్రశ్న: మాది సముద్రం దగ్గర ఊరు. బోరు నీళ్ళే పోస్తున్నాను. రెండేళ్ళలో రేడియేటర్ రెండుసార్లు చిల్లు పడింది. ఈసారి కూలెంట్ నేనే మార్చాలనుకుంటున్నాను. ఎర్రది కొనాలా, ఆకుపచ్చదా?
– లారీ యజమాని, సఖినేటిపల్లి

జవాబు: రేడియేటర్‌ని ఆ ఉప్పు నీళ్ళే తినేశాయి. అల్యూమినియానికి ఉప్పు శత్రువు. మన దగ్గర చలికి నీళ్ళు గడ్డ కట్టవు కదా, కూలెంట్ ఎందుకని చాలామంది నీళ్ళు పోసేస్తారు. తుప్పు పట్టకుండా ఆపే మందు కూలెంట్‌లోనే ఉంటుంది, పైగా నీళ్ళకన్నా ఆలస్యంగా మరుగుతుంది.

రంగుని నమ్మకండి. ఒక కంపెనీ ఎరుపూ ఇంకో కంపెనీ ఎరుపూ ఒకటి కానక్కర్లేదు. పుస్తకంలో చెప్పిన రకం కొనండి. పాతదాని మీద పొయ్యకండి, రెండు రకాలు కలిస్తే మందు పని చెయ్యదు, కొన్ని కలిస్తే జిగురుగా మారతాయి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, చెయ్యి పెడితే వేడి తెలియనప్పుడు మూత తియ్యండి. వేడిలో మూత విప్పితే మరిగిన నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. అలా కాలినవాళ్ళని నేను ఆసుపత్రికి మోసుకెళ్ళాను. పాతది దించి, బ్యాటరీలకి కొనే డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజన్ నడిపి, చల్లార్చి, దించండి. తేట నీళ్ళు వచ్చేదాకా మళ్ళీ చెయ్యండి. ఖర్చు అనిపిస్తే మొదటి కడుగులు వాన నీళ్ళతో కానిచ్చి, చివరిది మాత్రం డిస్టిల్డ్‌తో చెయ్యండి.

డబ్బా మీద కలిపి అమ్మేది అని ఉంటే నీళ్ళు కలపకుండా పొయ్యాలి. చిక్కటిది అయితే దాని మీద రాసిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్ కలిపి పొయ్యాలి. మెల్లగా పొయ్యండి. మూత తీసే ఉంచి స్లో స్పీడులో నడపండి. ఇంజన్ వేడెక్కి, కూలెంట్‌కి దారి వదిలే థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు లెవెల్ గభాల్న దిగుతుంది, లోపలి గాలి బయటికి వచ్చిందన్నమాట. అప్పుడు నింపి మూత వెయ్యండి. ఆ గాలి తియ్యకుండా బండి తీస్తే, రేడియేటర్ నిండుగా ఉన్నా హెడ్ వేడెక్కుతుంది. మొదటి రెండు రోజులు ఉదయాన్నే లెవెల్ చూడండి.

పాత కూలెంట్ బొచ్చెలో వదిలెయ్యకండి. తియ్యగా ఉంటుంది. దూడలు, కుక్కలు తాగుతాయి, అది విషం.

ప్రశ్న: కొత్త లారీకి డెఫ్, అదే పొగని శుభ్రం చేసే ద్రవం, పొయ్యాలి. పొరపాటున పది లీటర్లు డీజిల్ ట్యాంకులో పోశాం. ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. ఇంకో మాట, డెఫ్ అంటే యూరియా నీళ్ళేగా. పొలానికి తెచ్చిన బస్తాలో యూరియా కలిపి పోసుకోవచ్చా?
– రైతు, పెనుగొండ

జవాబు: స్టార్ట్ చెయ్యలేదన్న ఒక్క మాట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. తాళం సగం కూడా తిప్పవద్దు. చాలా బళ్ళలో తాళం ఆన్ చేస్తేనే పంపు డీజిల్‌ని ముందుకు తోస్తుంది. డెఫ్ డీజిల్ కన్నా బరువు, ట్యాంకు అడుగున, సరిగ్గా గొట్టం పీల్చే చోటే చేరి ఉంటుంది. అది పంపుకీ ఇంజెక్టర్లకీ వెళితే తుప్పు, ఆరాక తెల్లటి గడ్డలు. బ్యాటరీ తీగ తీసేసి, ట్యాంకు పూర్తిగా దింపించి, కడిగించి, ఆరబెట్టించండి. డీజిల్ ఫిల్టరు కూడా మార్చండి. లైన్లలోకి వెళ్ళలేదు కాబట్టి ఆ ఖర్చుతో బయటపడతారు. దీనికి ఎదురు తప్పు, డెఫ్ ట్యాంకులో డీజిల్ పోసినా అంతే. స్టార్ట్ చెయ్యకుండా దింపించడమే.

పొలం యూరియా మాత్రం వద్దు. డెఫ్‌లో 32.5 శాతం చాలా శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్ళు. మన బస్తాల్లోది వేప పూత యూరియా. ఆ వేప నూనె, ఎరువులోని మలినాలు పొగ గొట్టం దగ్గర ఉండే ఉత్ప్రేరకాన్ని మూసేస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బిఎస్-6 లారీల్లో ఆ ఒక్క భాగం ధరతో మీరు చాలా ఏళ్ళు డెఫ్ కొనుక్కోవచ్చు. సీలున్న డబ్బా కొనండి, ఎండలో పెట్టకండి, డీజిల్ పోసిన గరాటుతో పొయ్యకండి. డెఫ్‌కి వేరే గరాటు పెట్టుకుని దానికి నీలం రంగు గుడ్డ కట్టండి, డెఫ్ ట్యాంకు మూత కూడా నీలమే ఉంటుంది.

ప్రశ్న: మార్చిన పాత ఆయిల్ ఐదారు డబ్బాలు పోగయ్యాయి. కాలువ కట్టేశాక గట్టు పక్కన గొయ్యి తీసి పోసేద్దామంటున్నాడు మా తమ్ముడు. మా రొయ్యల చెరువు దూరంగానే ఉంది.
– ఐ.పోలవరం

జవాబు: వద్దండి. కాలువ ఎండిన నెలల్లో పోసింది నీళ్ళు వదలగానే లేస్తుంది. మన ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువు నింపుకునేది ఆ కాలువ నుంచే. రొయ్యల చెరువుకి పెట్టేదీ ఆ నీళ్ళే. ఇసుక కలిసిన నేలలో గొయ్యి ఎంత లోతు తీసినా నూతిలోకే దిగుతుంది. వాడేసిన ఆయిల్‌ని చట్టం 2016 నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థంగా లెక్కేస్తుంది, అనుమతి ఉన్నవాళ్ళే తీసుకోవాలి. పాత ఆయిల్ పోగేసి అలాంటివాళ్ళకి అప్పగించే పెద్ద షెడ్డు ఏదో కనుక్కుని అక్కడికి చేర్చండి. అడిగి చూస్తే తీసుకునేవాళ్ళు ఉంటారు.

ఆ డబ్బాల్లో కూలెంట్‌ గానీ బ్రేక్ ఫ్లూయిడ్ గానీ కలపకండి, కలిస్తే ఎవరూ తీసుకోరు. ఒక్కోదానికి విడి డబ్బా, పైన మార్కరుతో పేరు. మంచినీళ్ళ సీసాల్లో మాత్రం పెట్టకండి, పిల్లలు తాగుతారు. పాత ఫిల్టర్లు రాత్రంతా బోర్లించి ఆ కారిన ఆయిల్ కూడా అదే డబ్బాలో పొయ్యండి. మీ తమ్ముడు ఈలోగా గొయ్యి తీసేసి ఉంటే మట్టితో పూడ్చెయ్యమనండి.